నీలం చీటీ సీసా

పరిశోధనాలయంలో అతన్ని అందరూ పిల్లి అనేవారు. ఇరవై ఏడేళ్లుగా ఎలుకల్ని సాకుతున్న మనిషికి ఆ పేరు ఎవరు పెట్టారో చెప్పగలిగినవాళ్లంతా రిటైరైపోయారు. మొదట్లో ముఖం ముడుచుకునేవాడట. తర్వాత తర్వాత ఫోనెత్తి తనే “పిల్లిని మాట్లాడుతున్నా, చెప్పండి” అనడం అలవాటు చేసుకున్నాడు. మూడేళ్ల కిందట వచ్చిన మేడమ్ ఒక్కతే, వయసులో పెద్దవాణ్ణి అలా పిలవడానికి నోరు రాక, “పిల్లిగారూ” అనేది. మొదటిసారి విన్నప్పుడు గదిలో అందరూ నవ్వారు. ఆమె మాత్రం మానలేదు.

ఎలుకల గదులు భవనం వెనక వరసలో ఉండేవి. నాలుగు గదులు, ఒక్కదానికీ కిటికీ లేదు. గోడకున్న యంత్రమే పన్నెండు గంటలు పగలు, పన్నెండు గంటలు రాత్రి నడిపిస్తుంది. పిల్లి పొద్దున్నే వచ్చి పెట్టెలు లెక్క చూసుకుని, మేత ఉండలు వేసి, నీళ్ల సీసాలు మార్చేవాడు. వారానికి రెండుసార్లు పెట్టెల్లోని పాత చెక్కపొట్టు ఎత్తిపోసి కొత్తది పరిచేవాడు. ఆ రెండు రోజులూ గదిలో సన్నటి దుమ్ము లేచేది. పొట్టు, వెంట్రుకలు, ఎండిన ఉచ్చ అన్నీ కలిసిన దుమ్ము అది. ముక్కుకి మాస్కు ఉండేది. చొక్కాకి మాస్కు ఎవరు వేస్తారు? యూనిఫారాలు అక్కడే ఉతికించే ఏర్పాటు ఒకప్పుడు ఉండేది. ఆ యంత్రం పాడై పదేళ్లయింది. దాన్ని బాగుచేయించాలని రాసిన ఫైలు ఇంకా బల్లలు మారుతూనే ఉంది. అప్పట్నుంచీ ఎవరి బట్టలు వాళ్ల ఇంట్లోనే ఉతుక్కుంటున్నారు.

అతని చదువు పదో తరగతి దాటలేదు. కానీ ఎలుక డొక్క చూసి దాని ఊపిరి సంగతి చెప్పగలిగేవాడు. మేడమ్ దగ్గర అందుకో యంత్రం ఉండేది. ఎలుకని గాజు గొట్టంలో కూర్చోబెడితే ఊపిరిని గీతగా గీసి చూపించేది. ఆ గీత రావడానికి ఇరవై నిమిషాలు పట్టేది. పిల్లి పెట్టె ముందు వంగి, చెవి జాలీకి ఆనించి, “ఇది బిగిసింది, ఇది ఫరవాలేదు, ఇది ఇవాళో రేపో” అనేవాడు. గీత కూడా సాధారణంగా ఆ మాటే చెప్పేది. ఈ విద్య అతనికి అబ్బింది ఎలుకల దగ్గర కాదు. ఇంట్లో భార్య దగ్గర.

ఆమెకి ఉబ్బసం మొదలై తొమ్మిదేళ్లు. అంతకు ముందు జలుబు కూడా చెప్పుకోదగ్గట్టు వచ్చిన మనిషి కాదు. ఇంట్లోనే మిషను పెట్టుకుని చుట్టుపక్కల వాళ్లకి జాకెట్లు, గౌన్లు కుట్టేది. పిల్లలు లేరు. ఆ లోటు గురించి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి చాలాకాలమైంది. మూడో అంతస్తులో రెండు గదులు, వెనక సన్నటి వసారా. ఆదివారం పొద్దున ఆ వసారాలో నిలబడి వారం యూనిఫారాలన్నీ ఒక్కొక్కటీ గట్టిగా దులిపి, జేబులు తిరగదీసి, అప్పుడు బకెట్లో వేసేది. దులపకుండా నీళ్లలో వేస్తే మురికి ఇంకుతుందని ఆమె నమ్మకం. ఆదివారం సాయంత్రానికి ఛాతీ పట్టేసేది. వారమంతా కుట్టుపని, ఆదివారం చాకిరీ, ఒళ్లు అలిసి అలా అవుతోందని ఇద్దరూ అనుకున్నారు. తొమ్మిదేళ్లు అలాగే అనుకున్నారు.

డాక్టరు నోటితో పీల్చే మందు పంపులు రెండు రాశాడు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది. రెండోది ఆయాసం ఉన్నా లేకున్నా రోజూ రెండుసార్లు పీల్చాల్సింది. మొదటిది ఆమె దిండు కింద ఉండేది. రెండోది అలమరలో పైఅరలో, పెట్టె విప్పకుండా ఉండేది. మేనత్త ఒకామె చేతిలో పంపు పట్టుకునే ప్రాణం వదిలిందట. అప్పుడు ఈమెకి పద్నాలుగేళ్లు. మేనత్తని చంపింది రోగం కాదు, పంపేనని ఇంట్లో పెద్దవాళ్లు తేల్చారు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. “ఒకసారి పట్టుకుంటే మరి వదలదండీ అది. రోగం లేని రోజున కూడా మందా?” అనేది. పిల్లి ఎన్నోసార్లు చెప్పి చూశాడు. ఎలుకలకి చెప్పినట్టే అయింది.

ఆ ఏడు ఆమె మెట్లెక్కడం కష్టమైంది. ఒక్కో అంతస్తు దగ్గరా ఆగి, కొలతలు గుర్తుచేసుకుంటున్నట్టు నటిస్తూ గోడ పట్టుకుని నిలబడేది. పిల్లికి ఆ నటన తెలుసు. మెట్ల మీద ఆమె వెనకే నడుస్తూ వీపు చూసేవాడు. జాకెట్టు మీదుగా డొక్కలు లోపలికి పీక్కుపోయేవి. పెట్టెల్లో అలాంటి డొక్క కనిపిస్తే ఆ ఎలుక కార్డు మీద చిన్న చుక్క పెట్టేవాడు. చుక్క పెట్టిన ఎలుక నెల దాటడం అరుదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేడమ్ కొత్త పరీక్ష మొదలుపెట్టింది. కంచెల మీద పాకే ఒక తీగ వేరులో ఉబ్బసాన్ని అణచే పదార్థం ఉందని ఆమె ఆశ. బస్తా వేళ్లు ఎండబెట్టి, దంచి, కాచి, వడగడితే చివరికి చెంచాడు తెల్లపొడి మిగిలింది. అది పనిచేస్తుందో లేదో ఎలుకలు చెప్పాలి. ఎలుకలకి ఉబ్బసం ఉండదు కాబట్టి ముందు తెప్పించాలి. కోడిగుడ్డు తెల్లసొనలోని పదార్థాన్ని సూదితో రెండుసార్లు ఎక్కించి, తర్వాత దాన్నే పొగమంచులా గాజు పెట్టెలోకి వదిలి పీల్పిస్తారు. వాటి ఒంటికి గుడ్డంటే శత్రుత్వం పుడుతుంది. ఊపిరి బిగుస్తుంది. అప్పుడు మందు వేసి చూస్తారు.

నలభై ఎలుకలు, నాలుగు అరలు, అరకో రంగు చీటీ: తెలుపు, ఎరుపు, నీలం, పసుపు. ఏ రంగు సీసాలో ఏముందో మేడమ్‌కి కూడా తెలియదు. ముందే తెలిస్తే కన్ను తనకి కావలసిందే చూస్తుందని ఆమె అనేది. అందుకని పక్క భవనంలో మందుల స్టోరు పెద్దాయన ఒక్కడే సీసాలు కలిపేవాడు. అన్నిటికీ ఒకటే గోధుమ రంగు, ఒకటే చేదు. రంగుల జాబితా కవరులో పెట్టి, లక్కతో సీలేసి, సంతకం చేసి, డైరెక్టరు గది బీరువాలో పెట్టాడు. చివరి ఎలుక ఊపిరితిత్తుల దాకా చూసి లెక్కలు రాసేశాక ఆ కవరు విప్పుతారు.

మందు మొదలైన పదోరోజుకే పిల్లికి కవరు అక్కర్లేకపోయింది. తెలుపు ఎలుకలకి గుడ్డు ఎక్కించనే లేదు, అవి మామూలువి. ఎరుపు ఎలుకల డొక్కలు ఎగిరిపడుతున్నాయి, అంటే వాటికి ఉత్త నీళ్లు. మిగిలినవి రెండు. పసుపు ఎలుకలు కాస్త తేరుకున్నట్టే ఉండి మళ్లీ బిగిసేవి. నీలం ఎలుకలు మాత్రం పొట్టులో సొరంగాలు తవ్వుకుంటూ, ఒకదాని మీదొకటి ఎక్కి మేత లాక్కుంటున్నాయి. చెవి ఆనిస్తే ఊపిరి వినపడనంత తేలిక. ఇంతకుముందు జరిగిన రెండు పరీక్షల్లో ఒకే మందుని రెండు మోతాదుల్లో వేశారు. ఇదీ అంతేననుకున్నాడు. పసుపు తక్కువ మోతాదు, నీలం ఎక్కువ మోతాదు. వేరు పనిచేస్తోంది. ఈ సంగతి ప్రపంచంలో తనొక్కడికే తెలుసు.

రోజూ మందు వేశాక సీసాలో కాస్త మిగిలేది. దాన్ని పారబోత డబ్బాలో పోసి, పుస్తకంలో రాసి, సంతకం చేయాలి. పిల్లి పుస్తకంలో రాశాడు, సంతకం చేశాడు, నీలం సీసాలో మిగిలింది మాత్రం జేబులోని దగ్గు మందు సీసాలో పోసుకున్నాడు. ఇరవై ఏడేళ్లలో మేత ఉండ ఒకటి కూడా బయటికి తీసుకుపోని మనిషి. గేటు దగ్గర కాపలా మనిషి రోజూలాగే “ఏం పిల్లీ, ఎన్ని పట్టావివాళ?” అన్నాడు. రోజూలాగే “అన్నీ లోపలే ఉన్నాయిలే” అని వచ్చేశాడు.

భార్య సీసా వాసన చూసి, నాలుక్కి రాసుకుని, ముఖం వికారంగా పెట్టింది. చేదుగా ఉందంటే ఏదో వేరు రసమే అయ్యుంటుందని ఆమే తీర్మానించింది. అతను కాదనలేదు. నీలం చీటీ ఎలుకలకి వేసి చూసిన తర్వాతే నీకు తెచ్చానన్నాడు. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆమె మందుని మారాం చేయకుండా తాగింది.

వారం తిరిగేసరికి మూడు అంతస్తులూ ఒక్కసారే ఎక్కింది. రెండో వారానికి పాత పాటలు కూనిరాగం తీస్తూ మిషను తొక్కింది. ఆకలి పెరిగింది. నిద్ర తగ్గింది, కానీ నిద్ర తక్కువైతే కుట్టుపని ఎక్కువవుతుందని దాన్నీ మంచికే జమకట్టింది. బుగ్గలు నిండాయి. కింద ఇస్త్రీ దుకాణం నడిపే ఆమె చూసి, “ఏంటి వదినా, పెళ్లికూతురిలా తయారవుతున్నావు, అన్నయ్య ఏం పెడుతున్నాడేంటి?” అంది. భార్య సిగ్గుపడి, ఆకు మందని చెప్పింది. దిండు కింది పంపు తీసి, పైఅరలో రెండోదాని పక్కన పెట్టేసింది. పిల్లి చూశాడు. అక్కడ పెట్టకు అనాల్సింది. ఆమె మెట్లెక్కిన తీరు ఇంకా కళ్లముందే ఉంది. ఊరుకున్నాడు.

ముప్పై నాలుగో రోజున పరీక్షలో మందు వేయడం అయిపోయింది. సీసాలు ఆగిపోయాయి. ఎలుకల్ని ఒక్కొక్కటిగా మేడమ్ బల్ల మీదికి చేర్చాడు. ఆ పని అతను ఎప్పుడూ మాట్లాడకుండా చేసేవాడు. ఊపిరితిత్తుల్ని పలచగా తరిగి గాజు పలకల మీద పెట్టి, మేడమ్ రోజుకి నాలుగైదు చొప్పున చూస్తూ రాసుకుంటోంది.

ఇంట్లో సీసా అడుగంటింది. ఫరవాలేదు, జబ్బు తగ్గిపోయిందిగా అంది భార్య. మూడోరోజుకి ఒళ్లంతా కొట్టినట్టుందని పడుకుంది. నాలుగోరోజు తిండి సయించలేదు. మిషను మీద కూర్చుంటే కళ్లు తిరిగాయి. వాతావరణం మారింది కదా అనుకున్నారు. ఆ మర్నాడు ఆదివారం. మందు తాగిన వారాల్లో ఆదివారం ఆమెకి ఉతుకుడు కూడా పండగలాగే ఉండేది. అలాగే వసారాలోకి వెళ్లి ఆరు జతల బట్టలు దులిపింది.

సోమవారం పొద్దున పదకొండు గంటలకి ఇస్త్రీ ఆమె ఫోను చేసింది. పిల్లి గేటు దాటి రోడ్డు మీదికి పరిగెత్తాడు. ఆసుపత్రికి చేరేసరికి భార్య పెదవులు నీలంగా ఉన్నాయి. ఆక్సిజను గొట్టం పెట్టారు. ఆమె కూర్చుని, రెండు చేతులూ మంచం అంచు మీద పాతి, మెడ నరాలు ఉబ్బించి గాలి లాక్కుంటోంది. చెవి ఆనించాల్సిన పని లేకుండానే వినపడుతోంది. ఆ చప్పుడు అతనికి తెలుసు. ఎరుపు చీటీ అరలోది.

డ్యూటీ డాక్టరు నడివయసు మనిషి, మాట కటువు. ఆమె ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి చూశాడు. రక్తపోటు మరీ కిందికి ఎందుకు పోయిందో అర్థం కావడం లేదని నర్సుతో అన్నాడు. తర్వాత పిల్లిని పక్కకి పిలిచాడు.

“ముఖం ఇలా ఉబ్బి ఎన్నాళ్లయింది?”

మూడు వారాలు అన్నాడు పిల్లి.

“ఏదో మింగింది. ఏంటది?”

చెబితే పారబోత పుస్తకంలో ఇరవై నాలుగు దొంగ సంతకాలు బయటపడతాయి. ఆ లెక్క అతని బుర్రలో తిరగడానికి పట్టిన సమయం డాక్టరుకి ఎక్కువనిపించింది.

“మీరు ఆలోచించుకునేలోపు ఆమె అలిసిపోతుంది. ఊపిరి పీల్చడం కూడా పనే.”

అప్పుడు చెప్పాడు. ఎలుకలకి వేసే మందు, నీలం చీటీ సీసా, ఒక వేరు రసం అనుకుంటున్నాను అన్నాడు.

“అనుకోవడమేంటి? అందులో ఏముంది?”

“తెలీదండీ. ఎవరికీ తెలీదు.”

“ఎవరికీ తెలీని మందు పెళ్లానికి పోశారా?” డాక్టరు గొంతు పెంచలేదు. “ఎవరికో ఒకరికి తెలిసుంటుంది. కనుక్కోండి.”

వరండాలోకి వచ్చి ఫోను చేశాడు. స్టోరు పెద్దాయన సెలవులో ఉన్నాడు, ఫోనెత్తలేదు. మేడమ్ ఎత్తింది.

“మేడమ్, నీలం సీసాలో ఏముందో చెప్పాలి.”

“నాకు తెలిస్తే కదా పిల్లిగారూ. ఇంకా ఇరవై నాలుగు పలకలు చూడాలి. అప్పటిదాకా కవరు ముట్టుకోకూడదు, మీకు తెలియంది కాదు. ఎందుకు?”

“మా ఆవిడ తాగింది. నేనే పోశాను. ఆసుపత్రిలో ఉంది.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆమె తిట్టలేదు. ఎన్ని రోజులు, రోజుకి ఎంత, ఎప్పుడు ఆపారు, ఈ మూడే అడిగింది. ఉండండి అంది.

ఆ పదిహేను నిమిషాల్లో ఏం జరిగిందో తర్వాత బీరువా తాళాలుండే గుమాస్తా చెప్పాడు. డైరెక్టరు ఊళ్లో లేడు. మేడమ్ తన పూచీ మీద సంతకం పెట్టి బీరువా తెరిపించింది. కవరు చేతిలోకి తీసుకుని, కాసేపు సీలు వైపు చూసిందట. తెరిచి చదివి చెప్పడానికి ఇంకెవరైనా ఉన్నారా, తను చూడకుండా ఉండే దారేదైనా ఉందా అని గుమాస్తానే అడిగిందట. అతను తనకి మందుల పేర్లు చదవడం రాదన్నాడు. సగం పలకలు చూడని మనిషి జాబితా చదివేస్తే, మిగిలిన పలకల్లో ఆమె ఏం చూశానన్నా ఎవరూ నమ్మరు. ఆ సంగతి గుమాస్తాకి తెలియదు. ఆమెకి తెలుసు. కత్తెరతో అంచు కత్తిరించింది.

“పిల్లిగారూ, ఫోను డాక్టరుకివ్వండి. ముందు మీరు వినండి. నీలం మా వేరు కాదు. పాత మందే. మీ ఆవిడ రోజువారీ పంపులో ఉంటుందే, ఆ జాతిదే, ఇంకా గట్టిది. మన మందుని దానితో పోల్చి చూద్దామని పెట్టాం. వేరు పసుపులో ఉంది.”

పిల్లి ఫోను డాక్టరుకిచ్చాడు. డాక్టరు రెండు ముక్కలు విని, నర్సుకి ఏదో మందు పేరు చెప్పి, నరంలోకి ఎక్కించమన్నాడు. తర్వాత తీరిగ్గా పిల్లికి అర్థమయ్యేలా చెప్పాడు. ఆ జాతి మందుని ఒళ్లు తనంతట తానే కొంచెం తయారుచేసుకుంటుంది. బయటినుంచి అన్ని రోజులు గట్టిగా పోస్తే, ఎలాగూ వస్తోంది కదా అని ఒళ్లు తన పని మానేస్తుంది. మెల్లగా తగ్గిస్తూ ఆపితే మళ్లీ మొదలుపెడుతుంది. ఒక్కసారి ఆపితే ఇటు ఇదీ లేదు, అటు అదీ లేదు. పైగా ఉన్న పంపు కూడా మానేసింది. పంపులో ఉండేది ఇందులో పిసరంత, అది కూడా ఊపిరితిత్తుల దాకానే పోతుంది. “రోజూ పిసరంత పీల్చమంటే వద్దని, బిందెడు తాగింది,” అన్నాడు.

ఆమె బతికింది. నాలుగో రోజుకి కూర్చుని మాట్లాడింది. ఊపిరితిత్తులు మాత్రం మునుపటంత కూడా మిగల్లేదు. చర్మం మీద చుక్కలు చుక్కలుగా రకరకాల పదార్థాలు గుచ్చి పరీక్ష చేశారు. దుమ్ముకి కొంచెం ఎర్రబడింది. ఎలుక పేరు రాసిన చోట రూపాయి బిళ్లంత దద్దురు లేచింది. డాక్టరు ఆమె ఉద్యోగం అడిగాడు, తర్వాత అతని ఉద్యోగం అడిగాడు, తర్వాత బట్టలెవరు ఉతుకుతారని అడిగాడు. ఇరవై ఏడేళ్లు ఎలుకల మధ్య బతికిన పిల్లికి తుమ్ము కూడా లేదు. ఎలుకల గది గడప తొక్కని ఆమెకి ఆ జబ్బు పట్టింది. అతనే ఇంటికి మోసుకొచ్చాడు, ఆరు జతల్లో, తొమ్మిదేళ్లపాటు.

పరిశోధనాలయంలో విచారణ జరిగింది. మేడమ్ అతని వైపు మాట్లాడబట్టి ఉద్యోగం పోలేదు. ఎలుకల గదుల నుంచి తీసేసి, గాజు సామాను కడిగే గదికి వేశారు. ఆమె పరీక్ష మొదటికి వచ్చింది. మళ్లీ నలభై ఎలుకలు, మళ్లీ బస్తా వేళ్లు కావాలి. ఆ ఏటికి ఇచ్చిన గడువు అయిపోయింది, పొడిగించలేదు. వెళ్లి క్షమాపణ చెప్పాడు పిల్లి. ఆమె కళ్లజోడు తుడుచుకుంటూ, “పసుపు ఎలుకలు కొంచెం మెరుగ్గానే ఉన్నాయి కదూ?” అని అడిగింది. ఉన్నాయన్నాడు. “ఎంత మెరుగో ఇక చెప్పలేం,” అంది. అంతే. ఆ రోజు కూడా పిల్లిగారూ అనే పిలిచింది.

యూనిఫారం అక్కడే ఉతుక్కుని, అక్కడే ఆరేసి, స్నానం చేసి ఇంటికి రావడం మొదలుపెట్టాడు. కడగాల్సింది గాజు సీసాలే అయినా మానలేదు. ఇంట్లో ఇంకో చిక్కు మిగిలే ఉంది. జరిగినదాని నుంచి భార్య నేర్చుకున్న నీతి వేరు. ఆకు మందు ఉన్నన్నాళ్లూ గుర్రంలా తిరిగింది, అది అయిపోబట్టే పడిపోయింది. ఆసుపత్రి వాళ్లు మళ్లీ పంపే అంటగట్టారు. అది మాత్రం ముట్టనంది. డాక్టరు చెప్పిందంతా ఆమె మగతలో ఉన్నప్పుడు పిల్లికే చెప్పాడు. ఆమెకి చెప్పాల్సింది పిల్లి.

రెండు రోజులు మాటలు కూడబలుక్కున్నాడు. మూడోరోజు నీలం కాగితం చిన్న ముక్క కత్తిరించి కొత్త పంపు పెట్టె మీద అంటించాడు. మేడమ్ ఇప్పుడు వేరు మందుని పంపులో పెట్టించిందని చెప్పాడు. భార్య పంపుని అటూ ఇటూ తిప్పి, నీలం చీటీ మీద వేలు రాసి, పీల్చింది. చేదు లేదేంటని అడిగింది. చేదు తీసేశారన్నాడు.

ఆ పంపుకి వెనకవైపు చిన్న కిటికీ ఉంటుంది. ఇంకా ఎన్నిసార్లు పీల్చవచ్చో అంకె కనిపిస్తుంది. నూట ఇరవైతో మొదలైంది. పిల్లి రోజూ పొద్దున ఆ అంకె చూసేవాడు, ఒకప్పుడు పెట్టెల మీద కార్డులు చూసినట్టు. రోజుకి రెండు చొప్పున తగ్గుతూ వచ్చింది. నెల తిరిగేసరికి ఆమె రెండో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కింది. మిషను మీది గుడ్డ తీసింది. అబద్ధానికి కూడా పథ్యం ఉంటుంది కాబోలు, వేళ తప్పకుండా పనిచేస్తోంది.

అంకె అరవై ఒకటి దగ్గర ఉండగా, ఒక సాయంత్రం ఇస్త్రీ ఆమె మెట్లెక్కి వచ్చింది. అంకె బేసి ఎందుకంటే భార్య పొద్దునది పీల్చింది, సాయంత్రానిది ఇంకా పీల్చలేదు. భార్య మిషను దగ్గర చేతిపట్టీకి గుండీ కుడుతోంది.

“అన్నయ్యా, నీకో పుణ్యం. మా అత్తకీ ఉబ్బసమే కదా, ఆ నీలం చీటీ మందు తెప్పించి పెట్టు.”

స్టాకు లేదు, రావడానికి టైం పడుతుందని తప్పించుకోబోయాడు.

“ఎంత టైమైనా ఫరవాలేదులే. ఎలాగూ నీ మందు వస్తుందని దాని పంపు మాన్పించేశాను. వారమైంది. ముసలిదానికీ పంపంటే పడదు, సంతోషంగా మానేసింది.”

పిల్లి ఆమె వైపు చూశాడు. వెనక భార్య చేతిలో సూది ఆగింది.

“ఎలా ఉందిప్పుడు?”

“కాస్త ఎగబీలుస్తోంది. మందు పడితే సర్దుకుంటుంది కదా.”

“వెంటనే వెళ్లి పంపు ఇచ్చేయమ్మా. తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకుపో,” అన్నాడు పిల్లి. “ఆకు మందు లేదు. మీ వదిన తాగింది ఆకు మందు కాదు. పంపులో ఉండే మందే, ఇంకా గట్టిది, నేను పొరపాటున తెచ్చాను. అది ఒక్కసారి ఆపడం వల్లే చావు దాకా వెళ్లొచ్చింది. ఇప్పుడు పీలుస్తోంది డాక్టరు రాసిచ్చిన పంపే. నీలం చీటీ నేను అంటించాను.”

ఇస్త్రీ ఆమె ఒకసారి అతని వైపు, ఒకసారి లోపలికి చూసింది. ఏం అర్థమైందో ఏమో, పంపు ఇచ్చేయాలన్నది మాత్రం అర్థమైంది. గబగబా మెట్లు దిగిపోయింది.

భార్య గుండీ కుట్టడం పూర్తిచేసింది. దారం పంటితో తెంపింది. లేచి అలమర దగ్గరికి వెళ్లి పంపు పెట్టె తీసి, నీలం చీటీ అంచుని గోటితో లేపి, చిరగకుండా నెమ్మదిగా ఊడబెరికింది. చీటీని ఉండచేసి కిటికీలోంచి పడేసింది. పెట్టెని అక్కడే పెట్టేసింది. అతనికి భోజనం వడ్డించింది.

మర్నాడు పొద్దున అంకె అరవై ఒకటి. సాయంత్రమూ అరవై ఒకటే. ఆ మర్నాడూ అంతే. ఇస్త్రీ ఆమె అత్త పంపు మళ్లీ మొదలుపెట్టిందనీ, కుదుటపడిందనీ మెట్ల దగ్గర తెలిసింది. ఆ కబురు ఇంట్లో చెబితే భార్య తల కూడా ఎత్తలేదు. మూడోరోజు గుడ్డల మూట తీసుకుని మెట్లెక్కుతూ ఆమె మొదటి అంతస్తు దగ్గరే ఆగింది. మూట తనకిమ్మని పిల్లి చేయి చాపాడు. ఇవ్వలేదు. అతను వెనకే నిలబడి వీపు వైపు చూశాడు. చుక్క పెట్టడానికి ఇక్కడ కార్డు లేదు.

నాలుగో రోజు పొద్దున అతను స్నానం చేసి వచ్చి అలమర తెరిచాడు. అంకె అరవై. సాయంత్రం గాజు సీసాలు కడిగి, ఒళ్లు కడుక్కుని, ఇంటికి వచ్చి మళ్లీ చూశాడు. యాభై తొమ్మిది. భార్య వెనక గదిలో మిషను తొక్కుతోంది. వచ్చారా అని అడగలేదు. అతను పంపుని ఉన్నచోటే పెట్టి, అలమర తలుపు చప్పుడు కాకుండా మూశాడు.